సాలూరు జోంగా తీసుకోవచ్చా? మిలిటరీ ఇంజన్ ఘాట్‌కి పనికొస్తుందా?

జైపూర్_చిన్నా:
అన్నలందరికీ నమస్తే. మాది ఒడిశా కొరాపుట్ జిల్లా జైపూర్‌లో కిరాణా హోల్‌సేలు, బైపారిగుడ, లంతాపుట్, నందపూర్ సైడు సంతలకి సరుకు వేస్తాం. ఉన్న పికప్పు వానాకాలం వస్తే చేతులెత్తేస్తోంది, ఎర్రమట్టి ఎక్కుడులో వెనక చక్రాలు తిరుగుతాయి తప్ప బండి కదలదు. సాలూరులో ఒక పార్టీ దగ్గర ఆర్మీ వేలంలో కొన్న పాత జోంగా జీపు ఉందంట, ఒరిజినల్ పెట్రోల్ ఇంజనే, ఫోర్ వీల్ పని చేస్తోందంట. మిలిటరీ ఇంజన్ కాబట్టి ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదు అంటున్నాడు. మా నాన్న మాత్రం ఏటిరా ఆ ఏనుగుని ఎవడు మేపుతాడు అంటున్నారు. తీసుకోవచ్చా? తెలిసినోళ్ళు చెప్పండి.

బరంపురం_బుల్లెట్:
కళ్ళు మూసుకుని తీసుకో తమ్ముడూ. మిలిటరీ ఇంజన్ ఇనుమే వేరు. ఇప్పటి బళ్ళలో అన్నీ ప్లాస్టిక్కులు సెన్సార్లు, ఆ జోంగా ఇంజన్ నిస్సాన్‌ది, నాలుగు లీటర్లు, ఆరు సిలిండర్లు, అడవిలో వదిలేసినా సెల్ఫ్ కొడితే లేస్తుంది. నేను గోపాల్‌పూర్ రోడ్డులో రోజూ ఆర్మీ బళ్ళు చూస్తా, ఒక్కటి కూడా రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని కనబడదు.

రాయగడ_మేస్త్రి:
బానెట్ ఎత్తుకుని కనబడదంటే దాని వెనకాల వర్క్‌షాపు ఉంటది కాబట్టి. నీ వెనకాల ఎవరున్నారు చిన్నా? నేనే కదా ఉన్నది, నాకు జోంగా కార్బురేటర్ కిట్టు కావాలంటే ఎక్కణ్ణుంచి తేను.

ముందు మైలేజీ సంగతి చెప్తాను. ఖాళీ రోడ్డు మీద లీటరుకి నాలుగైదు ఇస్తే గొప్ప, సరుకేసి ఫోర్ వీల్ పెట్టి నందపూర్ ఎక్కితే అది కూడా రాదు. సంతలో కిలో ఉప్పు మీద నీకేటి మిగుల్తుందో నీకే తెలుసు. మీ నాన్నగారు అన్నమాట నూటికి నూరు.

జైపూర్_చిన్నా:
డీజిల్ ఇంజన్ మార్పించుకోవచ్చు అంటున్నాడు మేస్త్రీ గారూ ఆ పార్టీ. సాలూరులో లారీ పనోళ్ళు బోలెడుమంది కదా.

రాయగడ_మేస్త్రి:
మార్పించొచ్చు, పని తెలిసినోళ్ళు అక్కడ ఉన్నారు, కాదనను. కాని ఇంజన్ మార్చేక ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించుకోవాలి, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 అని ఉంది, పర్మిషన్ లేకుండా మారిస్తే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సోడు చెయ్యి దులిపేసుకుంటాడు. దానికి తోడు ఆ గీర్‌బాక్సు పెట్రోల్ స్పీడుకి చేసింది, కొత్త డీజిల్ ఇంజన్ అంత స్పీడు తిరగదు, ఘాట్‌లో ఒక గీరు ఎక్కువ, కింది గీరు తక్కువ అన్నట్టుంటది, నడిపినోడికే తెలుస్తది ఆ నరకం.

మాజీ_ఈఎంఈ:
పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను, ఆర్మీలో ఈఎంఈలో బళ్ళ రిపేరు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. సికింద్రాబాద్‌లో ట్రైనింగు. జోంగా నా చేతి మీద చాలా వెళ్ళాయి కాబట్టి రెండు మాటలు.

జోంగా అంటే నిస్సాన్ పెట్రోల్ అనే జపాన్ జీపు, మన జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో లైసెన్స్ మీద చేసేవారు, 1969లో మొదలెట్టి 1999 దాకా చేశారు. అంటే నువ్వు కొనే బండి ఎంత కొత్తదైనా పాతికేళ్ళు దాటినట్టే. మంచి బండి, అబద్ధం చెప్పను, దాని లాగుడు నాకిప్పటికీ ఇష్టం. కాని బరంపురం తమ్ముడు చెప్పినట్టు మిలిటరీ ఇనుము అని ఒకటి వేరే ఉండదు. జపాన్‌లో అదే బండిని రైతులూ ఫారెస్టోళ్ళూ కొనుక్కున్నారు. మేం చేసిందల్లా ఒకటే, కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా టైముకి ఆయిల్ మార్చడం, టైముకి విప్పడం.

ఇంకోటి, ఆర్మీ బండి తక్కువ తిరుగుతుంది ఎక్కువ నిలబడుతుంది. మీటర్‌లో కిలోమీటర్లు తక్కువ చూపించి అమ్మేవాడు సంబరపడతాడు, నిలబడిన బండికి సీళ్ళు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు దిగుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. తిరిగిన బండే నయం.

బరంపురం_బుల్లెట్:
సార్ మీ అనుభవానికి దండం. కాని ట్యాంకు ఇంజన్ సంగతేంటి మరి? టీ-72 లాంటిది ఎక్కడైనా సివిల్‌లో ఉందా? అది 780 హార్స్‌పవర్. దానికి మన లారీకి పోలికా?

మాజీ_ఈఎంఈ:
పోలిక ఉంది బాబూ, నువ్వే చూడు. టీ-72 బరువు 41 టన్నుల పైచిలుకు, 780ని దాంతో భాగించు, టన్నుకి 19 హార్స్‌పవర్ వస్తుంది. ఇప్పుడు టాటా 407 తీసుకో. టాటా వాళ్ళ పాత పేర్లలోనే లెక్క ఉంటుంది, మొదటి అంకె లోడుతో కలిపి టన్నులు, వెనకది హార్స్‌పవర్‌లో సున్నా తీసేసింది. 407 అంటే 4 టన్నులు 70 గుర్రాలు, 1210 అంటే 12 టన్నులు 100, 1613 అంటే 16 టన్నులు 130. 407కి టన్నుకి పదిహేడున్నర పడింది. అంటే నిండా సరుకేసిన 407కీ యుద్ధ ట్యాంకుకీ టన్నుకి పడే బలం ఇంచుమించు ఒకటే. 1613 నిండా వేస్తే టన్నుకి ఎనిమిదే, అయినా సాలూరు నుంచి కొరాపుట్ ఎక్కే మన సుంకి ఘాట్ రోజూ ఎక్కుతోంది కదా, మెల్లగా ఎక్కుతుంది అంతే.

జైపూర్_చిన్నా:
ఇన్నాళ్ళూ 407 అని పిలుస్తున్నాం గాని ఆ అంకెల్లో ఇంత కథ ఉందని తెలీదు సార్ 😀

సునాబెడ_క్వార్టర్స్:
మంచి చర్చ. నేను సునాబెడలో విమానాలు చేసే హెచ్.ఏ.ఎల్. కంపెనీ ఇంజన్ డివిజన్‌లో చేసి రిటైరైనవాణ్ణి, ఇక్కడే సిమిలిగుడ దగ్గర ఇల్లు కట్టుకుని ఉండిపోయాం. ఫ్యాక్టరీ లోపలి సంగతులు అడక్కండి, పేపర్లలో వచ్చినవే రాస్తాను.

ట్యాంకు ఇంజన్ గురించి ఈఎంఈ గారు మొదలుపెట్టారు కాబట్టి నాలుగు మాటలు కలుపుతాను. టీ-72లో ఉన్నది 12 సిలిండర్ల వి ఆకారం డీజిల్, 38.8 లీటర్లు. ఈ 38.8 అన్న అంకె రెండో ప్రపంచ యుద్ధంలో టీ-34 ట్యాంకు నుంచీ మారలేదు. అప్పట్లో ఖార్కోవ్‌లో చేసిన వి-2 అనే ఇంజన్, అల్యూమినియం బాడీ, 500 హార్స్‌పవర్. టీ-72కి వచ్చేసరికి గాలిని ఒత్తి లోపలికి పంపే బ్లోయర్ పెట్టి 780 చేశారు, టీ-90కి టర్బో పెట్టి 1000 చేశారు. సైజు అదే, లోపలికి వెళ్ళే గాలి పెరిగింది. మనకి ఇవి ఆవడి ఇంజన్ ఫ్యాక్టరీలో అవుతాయి. ఇదే వంశంలో డి-12 అని 525 హార్స్‌పవర్ ఇంజన్ని రష్యా వాళ్ళు మాజ్ 537 అనే పెద్ద ట్రాక్టర్ లారీల్లో వేసుకున్నారు. కనక ట్యాంకు ఇంజన్ లారీలో లేదన్న మాట సరికాదు.

బరంపురం_బుల్లెట్:
ఓహో. సరే గోపాల్‌పూర్‌లో ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, నాలుగు తుపాకుల ట్యాంకు లాంటిది షిల్కా, దాన్ని ప్రదర్శనలో చూశా, స్టార్ట్ చేస్తే ముందు ఈల లాంటి సౌండు తర్వాత డీజిల్ సౌండు. అదేంటి మరి రెండు ఇంజన్లా?

మాజీ_ఈఎంఈ:
అవును రెండు. నడిపేది ఆరు సిలిండర్ల డీజిల్, 280 హార్స్‌పవర్, అదీ ఆయన చెప్పిన వి-2 కుటుంబమే, పన్నెండులో సగం కోసినట్టు. ఈల వేసేది చిన్న గ్యాస్ టర్బైను, కరెంటు పుట్టించడానికి. రాడారూ, తుపాకీ తిప్పే మోటార్లూ కరెంటు మీద కదా, బండి ఆగి ఉన్నప్పుడు పెద్ద ఇంజన్ తిప్పకుండా దాంతో నడుపుతారు.

సిరొంచ_శీను:
మేము గడ్చిరోలి జిల్లా, సిరొంచ. ఇక్కడ అందరం తెలుగే మాట్లాడతం గని బోర్డులన్నీ మరాఠీ 😄 మా దిక్కు పోలీసోళ్ళ ఎంపీవీలు తిరుగుతయి, మందుపాతర పేలినా లోపలోళ్ళకు ఏం కాకుండ చేసిన బండ్లు. కింద పడవ లెక్క వి షేపు ఉంటది, పేలుడు పక్కలకు జారిపోతదట. చూస్తే గుట్టంత ఉంటది. దానికి ఏం ఇంజన్ పెడతరు? మామూలు లారీదా లేకుంటే స్పెషలా?

మాజీ_ఈఎంఈ:
శీనూ నువ్వు అడిగింది భలే ప్రశ్న. మన దేశంలో మొదట వాడినవాటిలో క్యాస్పిర్ అని సౌత్ ఆఫ్రికా బండి ఉంది, వి షేపు పొట్టకి పేరు తెచ్చిన బళ్ళలో అదొకటి. సుమారు 11 టన్నులు. దాని ఇంజన్ ఏంటో తెలుసా, మెర్సిడెస్ ఓఎం 352ని వాళ్ళ దేశంలో లైసెన్స్ మీద చేసింది, దానికి టర్బో. ఆరు సిలిండర్లు, బోరు అంటే సిలిండర్ వెడల్పు 97 మిల్లీమీటర్లు, స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం 128, మొత్తం 5675 సీసీ. ఇప్పుడు రాయగడ మేస్త్రి గారు చెప్పాలి ఈ కొలతలు ఎక్కడో విన్నట్టు లేదా అని.

రాయగడ_మేస్త్రి:
అయ్యబాబోయ్ అది టాటా 697 కదేటి! 97 బోరు 128 స్ట్రోకు, 1210లో వచ్చేది అదే. నా షెడ్డులో ఇప్పటికీ ఒక బ్లాకు మూల పడుంది, దాని మీద కూచునే టీ తాగుతాం. అంటే మందుపాతర బండికీ మా ఇటుకల లారీకీ ఒకే ఇంజనా?

మాజీ_ఈఎంఈ:
ఒకే వంశం. టాటాలకి బెంజ్ వాళ్ళతో ఒప్పందం 1954 నుంచి 1969 దాకా ఉంది కదా, ఆ చదువే. అలాంటి బండికి లారీ ఇంజన్ కావాలనే పెడతారు. అడవిలో చెడిపోతే పక్క ఊళ్ళో పార్టు దొరకాలి, మెకానిక్కి అది ముందే తెలిసి ఉండాలి. స్పెషల్ అనేది పొట్టలో ఉంది, ఇంజన్‌లో కాదు.

సిరొంచ_శీను:
ఇగ అర్థమైంది అన్నా. మంచిగ చెప్పినవ్.

లోకో_వాళ్ళమ్మాయి:
రాయగడ నుంచి. మా నాన్నగారు రైల్వేలో లోకో పైలట్‌గా చేశారు కాబట్టి డీజిల్ రైలింజన్ గురించి నేను చెప్తా, ఇక్కడ అందరూ లారీలూ ట్యాంకులే అంటున్నారు. మన పాత డబ్ల్యూడీఎం-2 గుర్తుందా, నల్లపొగ కక్కేది. దానిలో ఆల్కో 251 అనే అమెరికా ఇంజన్, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, వారణాసిలో చేసేవారు. ఒక్కో సిలిండర్ బోరు 9 అంగుళాలు. ఆ నల్లపొగ ఎందుకొస్తుందంటే డ్రైవర్ నాచ్ (బలం పెంచే లీవరు మెట్టు) పెంచగానే ముందు డీజిల్ వెళ్ళిపోతుంది, టర్బో ఇంకా స్పీడందుకోలేదు కాబట్టి గాలి తర్వాత వస్తుంది, మధ్యలో మండని డీజిల్ అంతా పొగ. నాన్నగారు ఒకేసారి నాచ్‌లు లాగేవాళ్ళని చూస్తే తిట్టేవారు.

అసలు సంగతి ఏంటంటే అమెరికాలో నాసా వాళ్ళు రాకెట్‌ని లాంచ్ ప్యాడ్ దగ్గరికి మోసుకెళ్ళే పెద్ద క్రాలర్ బండి ఉంది చూడండి, దాంట్లో కూడా ఈ ఆల్కో 16 సిలిండర్ల డీజిళ్ళే రెండు, ఒక్కోటి 2750 హార్స్‌పవర్. చంద్రుడి మీదకెళ్ళిన రాకెట్‌ని ప్యాడ్ దాకా తీసుకెళ్ళిందీ మన విశాఖ డీజిల్ షెడ్డు ఇంజన్ చుట్టమే.

జైపూర్_చిన్నా:
అక్కా ఇది మాత్రం అదిరింది. మా కేకే లైన్‌లో మరి ఇప్పుడు కరెంటింజన్లు కదా?

లోకో_వాళ్ళమ్మాయి:
అవును, కొత్తవలస కిరండూల్ లైను 1980ల మొదట్లోనే కరెంటైంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను కదా, లోడు బళ్ళకి మూడేసి ఇంజన్లు కడతారు. అరకు దగ్గర శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లు అని రాసుంటుంది, బ్రాడ్‌గేజ్‌లో అంత ఎత్తుకి ఎక్కి మళ్ళీ సముద్రం మట్టానికి దిగాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం, వేల టన్నుల రాయి వెనకనుంచి తోస్తుంది. అందుకే దిగుడులో మోటార్లనే జనరేటర్లుగా తిప్పి ఆపుకుంటారు, బ్రేకు బ్లాకులు ఒక్కటే నమ్ముకుంటే ఎర్రగా కాలిపోతాయి. చిన్నా నీకు కూడా ఇదే వర్తిస్తుంది, నువ్వు ఎక్కుడు గురించి అడుగుతున్నావు గాని దిగుడు గురించి ఎవరూ అడగట్లేదు.

రాయగడ_మేస్త్రి:
అమ్మాయి గారు లక్ష రూపాయల మాట చెప్పారు. ఎక్కిన గీరులోనే దిగాలి. లోడుతో న్యూట్రల్ కొట్టి దిగేవాడు నా దగ్గరికి బ్రేకు డ్రమ్ములు నీలంగా మాడ్చుకుని వస్తాడు, రాకపోతే కింద లోయలోకి పోతాడు.

బరంపురం_బుల్లెట్:
సరే భూమ్మీద బళ్ళ సంగతి ఒప్పుకుంటా. ఫైటర్ విమానం? అది మాత్రం సివిల్‌తో కలవదు కదా. సునాబెడ గారూ మీరే చెప్పండి, మిగ్ ఇంజన్ అంటే మిగ్ ఇంజనే.

సునాబెడ_క్వార్టర్స్:
తప్పకుండా, ఇది నా ఇష్టమైన విషయం, కాస్త పొడుగవుతుంది, చదవలేకపోతే వదిలేయండి.

1964లో మా సునాబెడ ఫ్యాక్టరీ మిగ్-21 ఇంజన్ల కోసమే పెట్టారు. విమానం బాడీ నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజను మన కొరాపుట్ కొండల్లో. మొదట ఆర్-11, తర్వాత ఆర్-25, మిగ్-27 కోసం ఆర్-29, మిగ్-29 కోసం ఆర్‌డీ-33, ఇప్పుడు సుఖోయ్-30 కోసం ఏఎల్-31ఎఫ్‌పీ. మిగ్-21 1963లో చేరి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది, ఆ రోజు మా వీధిలో రిటైరైన వాళ్ళందరం టీవీ ముందే కూర్చున్నాం. సుఖోయ్ ఇంజన్లు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు అవుతాయి, 2024 సెప్టెంబర్‌లో 240 ఇంజన్లకి 26 వేల కోట్ల ఒప్పందం అయింది, ఎనిమిదేళ్ళలో ఇవ్వాలి.

ఇప్పుడు బుల్లెట్ గారి మాట. మిగ్-21 ఆర్-25కి ఆఫ్టర్ బర్నర్ వేస్తే, అంటే వెనక గొట్టంలో మళ్ళీ ఇంధనం మండిస్తే, 7100 కిలోల తోపుడు బలం. దాని మీద ఇంకో ఎమర్జెన్సీ మోడ్ ఉంది, తక్కువ ఎత్తులో ఇంకాస్త ఇంధనం పోసి 9900 దాకా తీసుకెళ్ళొచ్చు, కాని మూడు నిమిషాలకి మించకూడదు. ఎందుకు మించకూడదు? టర్బైన్ బ్లేడు ఒంటికి ఆ వేడి పడదు. మన అరచేతిలో పట్టే ముక్క, ఎర్రగా కాలే గాలి దెబ్బ తింటూ నిమిషానికి పదివేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది, ఆ వేడిలో ఆ లాగుడుకి లోహం కూడా వెంట్రుక వాసి చొప్పున సాగుతూ ఉంటుంది. ఓవర్‌హాల్‌కి, అంటే మొత్తం విప్పి సరిచేయడానికి, వచ్చిన ఇంజన్లో మేం ముందు చూసేది ఆ సాగుడే, ఆ తర్వాతే పగుళ్ళు.

ఏఎల్-31ఎఫ్‌పీకి వెయ్యి గంటలకి ఓవర్‌హాల్, మొత్తం ఆయుష్షు రెండు వేల గంటలు అని చెప్తారు. మీరు విశాఖలో ఎక్కే ప్యాసింజర్ విమానాల్లో సీఎఫ్ఎం-56 అని ఇంజన్ వస్తుంది, 737ల్లో, పాత ఏ320ల్లో. అది రెక్క మీంచి దించకుండానే ఇరవై వేల గంటలు దాటినవి చాలా ఉన్నాయి. మరి ఏది గట్టి ఇంజన్?

బరంపురం_బుల్లెట్:
అంటే ఫైటర్ ఇంజన్ వీకా?? ఇదెక్కడి న్యాయం గురువుగారూ

సునాబెడ_క్వార్టర్స్:
వీకు కాదు, పని వేరు. ప్యాసింజర్ ఇంజను టేకాఫ్‌లో కొద్ది నిమిషాలు గట్టిగా పనిచేసి ఆ తర్వాత గంటల తరబడి ఒకే స్పీడులో పోతుంది. ఫైటర్ పైలట్ లీవరుని క్షణాల్లో అటు చివర నుంచి ఇటు చివరకి లాగుతూనే ఉంటాడు, ప్రతి లాగుడుకీ లోహం వేడెక్కి చల్లారుతుంది, అలసిపోతుంది. పైగా బరువు తగ్గించడానికి ప్రతి గోడనీ పలచగా చేస్తారు.

అసలు తమాషా ఇప్పుడు చెప్తాను. ఆ సీఎఫ్ఎం-56 గుండె ఉంది చూశారూ, అంటే కంప్రెసర్, కంబస్టర్, టర్బైను కలిసిన మధ్య భాగం, అది అమెరికా బి-1 బాంబర్ కోసం జీఈ వాళ్ళు చేసిన ఎఫ్-101 ఇంజన్‌ది. ఫ్రాన్స్ వాళ్ళతో కలిసి ప్యాసింజర్ ఇంజన్ చేద్దామంటే అమెరికా ప్రభుత్వం మా బాంబర్ రహస్యం బయటికి ఇవ్వం అని ఆపేసింది. 1973లో ఐస్‌లాండ్‌లో నిక్సన్, పాంపిడూ కలిసి మాట్లాడుకున్నాకే దారి క్లియర్ అయింది. బాంబర్ గుండె తీసుకుని ముందు పెద్ద ఫ్యాన్ బిగించారు, మెల్లగా నడిపారు, అంతే, అదే గుండె ఇరవై వేల గంటలు కొట్టుకుంటోంది. మళ్ళీ అది మిలిటరీకే తిరిగొచ్చింది కూడా, మన నేవీ వాళ్ళ పి-8ఐ విమానం అసలు 737యే, అరక్కోణంలో ఉంటాయి, సబ్‌మెరైన్లు వెతికేవి, వాటి ఇంజన్ ఇదే సీఎఫ్ఎం-56.

లోకో_వాళ్ళమ్మాయి:
ఇలాంటిదే ఓడల్లో కూడా ఉంది కదా సార్, ఐఎన్ఎస్ విక్రాంత్‌లో విమానం ఇంజన్లే అని ఎక్కడో చదివా.

సునాబెడ_క్వార్టర్స్:
ఉందమ్మా. ఎల్ఎం-2500, విక్రాంత్‌లో నాలుగు, అన్నీ కలిపి 88 మెగావాట్లు. సీ-5 గెలాక్సీ అనే అమెరికా మిలిటరీ రవాణా విమానం ఇంజన్ నుంచి ప్యాసింజర్ సీఎఫ్-6 వచ్చింది, ఆ వరసలోనే ఈ ఓడ టర్బైనూ వచ్చింది. ఇవే కొన్నిచోట్ల కరెంటు పుట్టించడానికీ, గ్యాసు పైపులైన్ల మీదా తిరుగుతాయి.

మాజీ_ఈఎంఈ:
మా వైపు నుంచి తట్రా కూడా చెప్పాలి, లేకపోతే ఆ బండికి అన్యాయం. పినాకా రాకెట్లు మోసేది తట్రా 815. దానికి గాలితో చల్లబడే డీజిల్, రేడియేటరే లేదు, ఎడారిలో నీళ్ళు మరిగే గొడవ లేదు, సియాచిన్ సైడు గడ్డకట్టే గొడవా లేదు. మధ్యలో ఛాసిస్ బదులు లావుపాటి గొట్టం, చక్రాలు దేనికది పైకీ కిందకీ ఊగుతాయి. చెక్ దేశంలో అదే బండిని ఇసక టిప్పర్‌గా వాడతారు.

జైపూర్_చిన్నా:
అందరికీ థ్యాంక్స్, నా జోంగా ప్రశ్న ఇప్పుడు అంతరిక్షం దాకా వెళ్ళి సముద్రంలో దిగింది 🙏 మళ్ళీ నేల మీదకి రండి. జోంగా వద్దు అని అర్థమైంది. మరి ఏం తీసుకోవాలి? జిప్సీ చూశాను ఒకటి, అదీ ఆర్మీ నుంచి వచ్చిందే అంట.

రాయగడ_మేస్త్రి:
జిప్సీ అయితే మాట్లాడుకోవచ్చు. 1.3 లీటర్ల ఇంజన్, ఎస్టీమ్ కారులో వచ్చిన ఇంజన్ చుట్టమే, స్పేర్లు దొరుకుతాయి, బండి బరువు టన్ను లోపే కాబట్టి బురదలో కూరుకుపోదు. కాని నీ సరుకెంత? జిప్సీలో పంచదార బస్తాలు ఐదారు వేస్తే వెనక కూర్చుండిపోద్ది. అది మనుషుల బండి గాని మోసే బండి కాదు.

ఇంకో సంగతి, కార్బురేటర్ జిప్సీ వేసవిలో సుంకి ఘాట్ ఎక్కుతుంటే మధ్యలో ఆగిపోతది, పెట్రోల్ పైపులోనే ఆవిరైపోతది. పాత డ్రైవర్లు పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ చుట్టేవాళ్ళు. పైకెళ్ళేక గాలి పలచబడి పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు నల్లబడతాయి, వెయ్యి అడుగులకి నూటికి మూడు వంతులు చొప్పున దమ్ము పోద్ది, కొరాపుట్ వెళ్ళేసరికి ఎనిమిదో తొమ్మిదో వంతులు పోయినట్టే. ఎంపీఎఫ్ఐ జిప్సీ అయితే, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్షన్‌తో పెట్రోల్ పోసేదైతే, ఆ ఆవిరి గొడవ, ప్లగ్గుల గొడవ తగ్గుద్ది. టర్బో డీజిల్‌కైతే దమ్ము పోయే లెక్క కూడా ఇంచుమించు ఉండదు, గాలి పలచగా ఉంటే టర్బో ఇంకాస్త ఒత్తుద్ది.

మాజీ_ఈఎంఈ:
చిన్నా, నా మాట ఇది. లోడు బండికి ఫోర్ వీల్ ఉన్న డీజిల్ పికప్పు చూసుకో, ప్రైవేటు బండే. ఆర్మీ నుంచి వచ్చిందే కావాలి అంటే కొన్ని చూడు. నంబరు ప్లేటు మీద బాణం గుర్తు తర్వాత రెండు అంకెలు కొన్న సంవత్సరం, ప్లేటు తీసేసి ఉంటే పాత ఫోటో అడుగు. వేలం కాగితం మీద ఉన్న ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ నీ కళ్ళతో బండి మీద చూడు, రంగు వేసి కప్పేసి ఉంటే గోకి చూడు. సివిల్ రిజిస్ట్రేషన్ ఇంకా అవ్వలేదు నువ్వే చేయించుకో అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్, టీ కూడా తాగకు. రేడియో పెట్టిన బళ్ళయితే కరెంటు 24 వోల్టులు ఉంటుంది, నీ ఊళ్ళో బల్బు కూడా వెయ్యలేవు.

రాయగడ_మేస్త్రి:
నేను ఇంకో నాలుగు కలుపుతాను. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తియ్యి, అక్కణ్ణుంచి పొగ గుప్పుగుప్పుమని కొడితే సిలిండర్లు అరిగి బోరుకొచ్చినట్టే. మూత లోపల పాలమీగడలా తెల్లగా ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్టో హెడ్డో. ఫోర్-లో (ఫోర్ వీల్ కింది గీరు) వేసి మెత్తని నేల మీద పది అడుగులు నడుపు, మళ్ళీ టూ వీల్‌లోకి వస్తదో లేదో చూడు, పాత బళ్ళలో లోపలికి వెళ్తది బయటికి రాదు. ముందు చక్రాల దగ్గర డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు పగిలి ఉంటే లోపల ఇసక చేరినట్టే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వస్తానని చెప్పు, నువ్వెళ్ళేసరికి వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఏదో దాచేశాడన్నమాట.

బరంపురం_బుల్లెట్:
ఇంతమంది ఇన్ని చెప్పినా జోంగా సౌండు ముందు ఏ పికప్పూ నిలబడదు అని మాత్రం నేను అంటూనే ఉంటా. నాకు డబ్బులుంటే నేనే కొంటా. చిన్నా ఆ పార్టీ ఫోన్ నంబరు నాకు పర్సనల్‌గా పెట్టు.

మాజీ_ఈఎంఈ:
హహహ, కొను బాబూ కొను, పెట్రోల్ బంకు పక్కనే ఇల్లు కూడా చూసుకో. షోకుకి కొంటే నేనే వచ్చి ట్యూనింగ్ చేసిపెడతా, కార్బురేటర్ ముందు కూర్చుంటే నాకూ పొద్దుపోతుంది.

జైపూర్_చిన్నా:
బుల్లెట్ అన్నకి నంబరు పంపించాను. నేను మాత్రం ఫోర్ వీల్ డీజిల్ పికప్పు ఒకటి కొరాపుట్‌లో చూశాను, ఒకే ఓనరు, డామన్‌జోడి కాంట్రాక్టులో తిరిగింది. మేస్త్రీ గారూ ఆదివారం సంత లేదు, బండి మీ షెడ్డు దాకా తెప్పిస్తాను, పంపూ నాజిళ్ళూ ఒకసారి చూస్తారా? డామన్‌జోడి ఎర్రధూళిలో తిరిగిన బండి కాబట్టి ఎయిర్ ఫిల్టర్ సంగతే నాకు అనుమానంగా ఉంది.

రాయగడ_మేస్త్రి:
పొద్దున్నే తీసుకురా, రాత్రే తెచ్చి షెడ్డులో పెట్టి, పొద్దున్న నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకపోతే ఇంకా మంచిది. ఫిల్టర్ తర్వాత పైపు లోపల వేలు పెట్టి చూస్తాను, ఎర్రగా అంటిందా, బేరం అక్కడికక్కడే ఆపేద్దాం.